కాగితాల సంచిలో ఉత్తరం

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకి బస్సు డ్రైవరు వంటింట్లో నిలబడి ఖాళీ షాంపూ సీసాని మూడోసారి కడుగుతున్నాడు. నురగ తగ్గడం లేదు. నురగ ఉన్న సీసాని చెత్త బండి వాళ్ళు ముట్టుకోరు. గేటు దగ్గరే వదిలేసి, దాని మెడకి ఎర్ర చీటీ కట్టి పోతారు.

"సీసాకి స్నానం అయిపోతే మీరూ చేయండి. డ్యూటీకి టైమవుతోంది," అంది భార్య, ఉతకాల్సిన బట్టలు బకెట్లో వేస్తూ.

"ఒక పని చెయ్. నన్ను కూడా ప్లాస్టిక్ సంచిలో వేసెయ్. పీడా పోతుంది."

"మీరు ప్లాస్టిక్ కింద రారు. జరిమానా వేస్తారు."

కొత్త నిబంధన వచ్చి నాలుగు నెలలైంది. ఇంటికి నాలుగు సంచులు: కాగితానికి ఒకటి, గాజుకి, ప్లాస్టిక్‌కి, రేకుకి తలా ఒకటి. నాలుగింటిలోనూ లోపలున్నది బయటికి కనిపిస్తుంది. ప్రతి సంచి మీదా ఇంటి నంబరు ఉంటుంది. ఒకదాంట్లోది మరోదాంట్లో పడితే జరిమానా. మూడోసారి పడితే ఇంటాయన పేరు వీధి మొదట్లో బోర్డు మీద రాస్తారు.

డ్రైవరుకి అన్నిటికన్నా విసుగు తెప్పించేది కాగితాల సంచి. చించిన కాగితం అందులో పడితే తెల్లారేసరికి అతుక్కుంటుంది. ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని, అంచులు కలుపుకుని, రాత ఉన్న వైపు బయటికి తిప్పి సంచి గోడకి ఆనుకుంటాయి. మామూలు కాగితానికి ఆరు గంటలు పడుతుంది, అట్టకి ఎనిమిది. నిబంధనల పుస్తకం పదకొండో పేజీలో ఈ వివరం ఉంది. వీధిలో ఎవరికి ఏ మందులు పడుతున్నాయో, ఎవరి పిల్లలు ఎందులో తప్పారో ఇప్పుడు అందరికీ తెలుసు. మూలింటావిడ తన వయసు నాలుగేళ్ళు తగ్గించి చెబుతోందని కూడా తెలుసు.

డ్రైవరు వారానికోసారి డిపో మేనేజరుకి ఒక ఉత్తరం రాసి చించేస్తున్నాడు. డ్రైవరు ఎడమ కంటికి అంచున చూపు పోయింది. ఇక రాదని ఐదు నెలల కిందట కంటి డాక్టరు చెప్పింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఇంకా రెండేళ్ళుంది. ఉత్తరం ఇస్తే స్టీరింగు చేతిలోంచి పోతుంది. ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టొచ్చు, ఇంటికే పంపెయ్యొచ్చు. ఇవ్వకపోతే రోజుకి ఆరు ట్రిప్పులు, ట్రిప్పుకి అరవై మంది. పోయిన గురువారం మలుపులో బస్సు అద్దం కరెంటు స్తంభాన్ని రాసుకుంది. ఆ స్తంభం ఆయనకి కనిపించలేదు.

ఉత్తరం అతుక్కోకుండా ఉండాలని సగం ముక్కలు కాగితాల సంచిలో, సగం రేకు డబ్బాల మధ్య వేసేవాడు. అలా రెండు జరిమానాలు పడ్డాయి. ఇక ఈ వారం తెలివిగా సగం ముక్కల్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, డిపోలో పారేద్దామని. చొక్కా ఉతుక్కి వెళ్ళింది. నిబంధనలంటే భార్యకి భయం. నిన్న సాయంత్రం జేబులు దులిపి, దొరికిన ముక్కల్ని వేయాల్సిన సంచిలోనే వేసింది.

ఆరింటికి ఆయన మిగతా సంచులు తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళేసరికి, కాగితాల సంచి అప్పటికే అక్కడుంది. భార్య ముందే పెట్టేసింది. దాని ముందు పైఅంతస్తు లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకుంటూ వంగి ఉన్నారు.

"ఎడమ కన్నా?" అన్నారు మాస్టారు.

"పక్కవాళ్ళ చెత్త చదవడానికి సిగ్గుండాలి మాస్టారూ."

"నేను చదవలేదయ్యా. కనిపించింది."

"కనిపిస్తే మొహం తిప్పుకోవాలి. ఇంట్లో ఒక కాగితం చించుకునే హక్కు కూడా లేదా మనిషికి?"

"నేను రోజూ నీ బస్సే ఎక్కుతాను," అన్నారు మాస్టారు.

ఈలోగా భార్య వచ్చి ఆ సంచి ముందు నిలబడి ఉత్తరం మొత్తం చదివింది. నిదానంగా, సంతకం దాకా.

"వీధిలో అందరికీ చెప్పి నాకు చెప్పలేదన్నమాట."

"నేనెవరికీ చెప్పలేదు!"

"సంచికి చెప్పారుగా."

చెత్త బండి వచ్చింది. బండావిడ సంచి ఎత్తి, తిప్పి చూసి, మూతి విప్పి ఉత్తరం బయటికి తీసింది. డ్రైవరు చెయ్యి చాపాడు.

"అది నాది. ఇటివ్వమ్మా."

"ఇది చెత్త కాదండీ. పైన చిరునామా ఉంది, కింద సంతకం ఉంది. ఇది తపాలా. తపాలాని మేం చెత్తలో కలపకూడదు."

"అది నేను చించేసిన ఉత్తరం!"

ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని రెండు వైపులా చూసింది. "చిరిగినట్టు లేదే?"

"చించాను కనకే మీ సంచిలో ఉంది. బుర్ర లేదూ?"

"బుర్ర సంగతి ఆఫీసులో అడగండి బాబాయి గారూ. నాకింకా నలభై ఇళ్ళున్నాయి." ఉత్తరాన్ని బండి ముందున్న తపాలా డబ్బాలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు మాస్టారు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా, బళ్ళో ఎక్కాలు చెప్పించే గొంతుతో, "ఎడమ పక్క సైకిలు. ఎడమ పక్క ఇద్దరు ఆడవాళ్ళు. కుక్క," అంటూనే ఉన్నారు. స్కూలు స్టాపు వచ్చినా దిగలేదు. మొదట్లో డ్రైవరు పళ్ళు కొరుక్కున్నాడు. మూడో ట్రిప్పు నుంచి, మలుపు వచ్చేముందు ఆయన గొంతు కోసం ఆగడం మొదలుపెట్టాడు. మర్నాడూ అంతే. లెక్కల క్లాసు రెండు రోజులు జరగలేదు.

మూడో రోజు మేనేజరు పిలిపించాడు. బల్ల మీద ఉత్తరం ఉంది. మేనేజరు దాని వైపు గానీ డ్రైవరు వైపు గానీ చూడలేదు. "రేపటి నుంచి టైము ఆఫీసులో కూర్చోండి. బస్సులు ఎప్పుడు వెళ్ళాయో, ఎప్పుడొచ్చాయో రాయాలి. జీతం మారదు," అన్నాడు. డ్రైవరు బస్సు తాళాలు బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసుకోబోతున్నట్టు కాసేపు చెయ్యి వాటి మీదే ఉంచాడు. తర్వాత చెయ్యి తీసేశాడు.

"ఇంటికెళ్ళి నిద్రపోండి," అన్నాడు మేనేజరు, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

పదకొండు రోజుల తర్వాత, బండావిడ గేటు దగ్గర డ్రైవరుకి ఒక ఉత్తరం ఇచ్చింది. మేనేజరు ఇంట్లో సొరుగులు సర్దుకుంటూ పాత కాగితాలన్నీ చించి పారేశాడట. ఆ ఇంటి సంచిలో దొరికిందట. అది డ్రైవరు పేరనే ఉంది: "మీకు ఎడమ వైపు కనిపించడం లేదు. రేపటి నుంచి మీరు బస్సు నడపవద్దు." కింద మేనేజరు సంతకం ఉంది. పైన వేసిన తేదీ, కంటి డాక్టరు డ్రైవరుకి సంగతి చెప్పడానికి మూడు నెలల ముందుది.