ఆదివారం మూసిన బంకు

నస్పూర్ దాటాక రోడ్డు పక్కనున్న జగపతిరావు పెట్రోలు బంకులో హెప్సిబా మేనేజరుగా చేరి ఆరు నెలలైంది. రోజూ పొద్దున్నే మూత తీసి, గీతలున్న ఇత్తడి కడ్డీని భూమిలోని డీజిల్ ట్యాంకులోకి దించి, ఎంతవరకు తడిసిందో చూస్తుంది. వారం రోజులుగా ఆ కడ్డీ ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు. ముందురోజు అమ్మింది తీసేసి చూసినా, ఉండాల్సిన దానికంటే రెండు గీతలు తక్కువే ఉంటోంది.

"సార్, ట్యాంకు కారుతున్నట్టుంది," అంది చివరికి.

జగపతిరావు పేపరు మడిచి నవ్వాడు. "గా ట్యాంకు మా బాపు ఏయించిండు. నాకు తుప్పు పడుతదేమో గని దానికి పట్టది."

"మీకు పడితే అమ్మగారు చూసుకుంటరు సార్. దానికి పడితే భూమవ్వ బాయి ఆగమైతది."

బంకు వెనకే భూమవ్వ టీ కొట్టు, దాని పక్కన చేదబావి. ఆ నీళ్లతో కాచిన టీ జగపతిరావు రోజుకు నాలుగు గ్లాసులు తాగుతాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఏం జెయ్యమంటవ్ మరి?"

"శనివారం పొద్దుగూకంగ అమ్మకం బంద్ పెట్టి, మట్టం చూసి, మూతకు తాళమేద్దాం. ఆదివారం మధ్యాన్నం మల్ల చూద్దాం. బొట్టు అమ్మకుండ దిగిందంటే కారుతున్నట్టే."

"ఆదివారమా! చర్చికి పోతందుకు మంచి ఉపాయమే చేసినవ్."

"మీ కోసం గూడ ప్రార్థన చేస్త సార్."

తాళం వేశారు. తాళంచెవి జగపతిరావు జేబులోకి పోయింది. ఆదివారం పొద్దున్నే ఆయన ఆ మూత మీద కుర్చీ వేసుకుని, ట్యాంకును ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు కూర్చున్నాడు. డీజిల్ కోసం వచ్చినవాళ్లందరికీ, "మా మేనేజరమ్మ నాకు పరీక్ష పెట్టింది, రేపు రాండ్రి," అని చెప్పి పంపాడు.

ప్రార్థన ముగిశాక హెప్సిబా తెల్లచీరలోనే వచ్చింది. దారంతా తన లెక్కే తప్పయితే బాగుండునని అనుకుంటూ వచ్చింది. జగపతిరావు లేచి తాళం తీశాక, కడ్డీ దించి పైకి తీసింది. మట్టం దాదాపు రెండు గీతలు దిగింది.

"ఎండకు ఆవిరైనట్టుంది," అన్నాడాయన.

"మూత మీద మీరే కూసున్నరు కద సార్. ఎటెల్లి పోతది?"

"నువ్వు కడ్డీ వంకర పెట్టినవ్."

"అయితే మీరే దించుండ్రి."

చొక్కా చేతులు మడిచి ఆయనే దించాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ తర్వాత ఆయన ముఖంలో నవ్వు లేదు. "భూమవ్వకు చెప్పు. జర గా నీళ్లు తాగద్దను," అన్నాడు మెల్లగా.

మర్నాడే డీజిల్ తోడించి, ట్యాంకు పైకి తీయించారు. అడుగున అతుకు దగ్గర తుప్పు తినేసి, పెన్సిల్ మొన దూరేంత చిల్లు పడింది. దాని కింద మన్ను మూరెడు లోతు దాకా నల్లబడింది. ఆ మన్నంతా తవ్వించి తీసేశారు. బావినీళ్లను పరీక్షకు కరీంనగర్ పంపారు. ఫలితం వచ్చేదాకా జగపతిరావే భూమవ్వ కొట్టుకు నీళ్ల క్యాన్లు దించాడు. నీళ్లకు ఏమీ కాలేదని తేలింది. కొత్తగా రెండు పొరల ట్యాంకు వేయించారు. లోపలి పొర చిల్లుపడితే ఆఫీసులో గంట మోగుతుంది.

నెల తర్వాత మందమర్రి నుంచి ఇంకో బంకు యజమాని లింగమూర్తి వచ్చాడు. టీ కొట్టు ముందు జగపతిరావు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"నాకే అనుమానమొచ్చింది లింగమూర్తీ! నా చేత్తోటి మూడుసార్లు దించిన. నీది గూడ పాత ట్యాంకే కద, ఒక్కరోజు బంద్ పెట్టి చూస్కో."

హెప్సిబా అటుగా వస్తూ విని, ఏదో అనబోయింది. ఇంతలో లింగమూర్తి, "వచ్చే శనివారమే పెడ్త," అన్నాడు. ఆమె నోరు మూసుకుని, నవ్వాపుకుంటూ భూమవ్వను ఒక చాయ్ అడిగింది.