కప్పకు పెట్టిన లైటు

నేను ఒక పెరుగు బకెట్టును. తెల్లటి ప్లాస్టిక్కు ఒళ్లు, అయిదు లీటర్లు పట్టే పొట్ట, ఒకప్పుడు మూత, పట్టుకోవడానికి తీగ. ఇప్పుడు మూత లేదు, తీగ లేదు, అడుగు కూడా సగమే ఉంది. అయినా నాతోపాటు పుట్టిన బకెట్లలో నా అంత దర్జాగా బతికింది ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. వాటిలో కొన్ని స్నానాల గదుల్లో నీళ్లు మోశాయి, కొన్ని సిమెంటు కలుపుకున్నాయి. నేను వెలుగు మోశాను.

చెన్నై పక్కన ఒక కర్మాగారంలో నన్ను అచ్చులోంచి తీశారు. పుట్టిన వేడి చల్లారకముందే మమ్మల్ని ఒకదాని కడుపులో ఇంకొకదాన్ని దూర్చి లారీ ఎక్కించారు, ఆ తరువాత పెరుగు నింపి ఓడ ఎక్కించారు. బంగాళాఖాతం మీద ఊగి ఊగి నేను అండమాన్ చేరేసరికి నాలోని పెరుగు సగం మజ్జిగైంది. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అని ఒక పేట ఉంది. తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన మత్స్యకారులు అక్కడ వీధులకు వీధులే ఉన్నారు. అక్కడ ఒక పెళ్లి భోజనాల్లో నన్ను ఖాళీ చేశారు. అంతటితో నా కథ అయిపోవాలి. అవలేదు, ఎందుకంటే ఆ పెళ్లికూతురికి చెమట ఎక్కువ.

ఫోటోలు తీస్తున్నవాడు చోడిపల్లి నీలాచలం. పక్కన లైటు పట్టుకుని నిలబడేది అతని భార్య గున్నమ్మ. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా పెళ్లికూతురి నుదురు, ముక్కు, బుగ్గలు తళతళమని మెరిసి, తక్కిన మొహం మాయమైపోతోంది.

"మొకం తీసినట్టు లేదు, ఇత్తడి బిందె తీసినట్టుంది," అని నీలాచలం గొణిగాడు.

గున్నమ్మ వెళ్లి, వంటవాళ్ల దగ్గర కాళ్ల కింద దొర్లుతున్న నన్ను తీసి, కడిగి, తుడిచి, ఫ్లాష్‌కు టోపీలాగా తొడిగింది. గుడ్డిగా వచ్చిపడే ఆ వెలుగు నా గోడల్లోంచి మెత్తబడి బయటికొచ్చింది. పెళ్లికూతురు ఒక్కసారిగా మీగడలా కనబడింది. ఆ రాత్రే గున్నమ్మ నన్ను ఇంటికి తీసుకుపోయి, వంజరం చేపలు కోసే కత్తిపీట మీద అడుగు సగం కోసి ఫ్లాష్ దూరేలా చేసింది. నొప్పి సంగతి నేను చెప్పను. ఈ ఆలోచన తనదేనని నీలాచలం ఊరంతా చెప్పుకున్నాడు. గున్నమ్మ నవ్వి ఊరుకుంది. మనుషుల కాపురాలు ఇలాంటి నవ్వుల మీదే నిలబడతాయని నాకు అప్పుడు తెలిసింది.

కొన్నాళ్లకు నీలాచలం స్టూడియో పైగదిలోకి మందాకిని అద్దెకు దిగింది. హన్మకొండ నుంచి వచ్చిన శాస్త్రవేత్త. ఈ దీవుల అడవుల్లోని కప్పలు, బల్లులు, పాముల మీద ఒక పుస్తకం తయారు చేస్తోంది. నీలాచలం సరదాగా పెరట్లో నా వెలుగులో తీసిన ఆకుపచ్చ బల్లి ఫోటోను స్టూడియో గోడ మీద చూసి ఆగిపోయింది.

"ఈ లైటు ఎక్కడిదన్నా? పొలుసు పొలుసు లెక్కపెట్టొచ్చు గదా," అంది.

ఆ ఒక్క మాటకు మావాడు పెళ్లిళ్లు మరిచిపోయాడు. మందాకిని దగ్గర అడవి శాఖవారి అనుమతి ఉంది. ఆమె వెంట చిడియా టాపు అడవిలో పడ్డాడు. వెనకాల గున్నమ్మ, గున్నమ్మ చేతిలో నేను, నా కడుపులో ఫ్లాష్. ఆ అడవిలో వాన ఆగినా చెట్లు ఆగవు, గంటలకొద్దీ కురుస్తూనే ఉంటాయి. జలగలు చెప్పాపెట్టకుండా చుట్టరికం కలుపుకుంటాయి. ఒక కొమ్మ మీద రక్తపింజరి జాతి పాము చుట్ట చుట్టుకుని ఉంటే, నీలాచలం అలవాటు కొద్దీ, "తల కొంచెం ఇటు తిప్పండి," అన్నాడు. అది తిప్పలేదు. విందులో మొదటి బంతి కోసం కూర్చున్న పెద్దమనిషిలా కదలకుండా కూర్చుంది. దాని కంటి చుట్టూ ఉన్న ప్రతి పొలుసునూ నేనే వెలిగించాను.

ఇంతలో జంగ్లీఘాట్ నోళ్లు తెరుచుకున్నాయి. పాముల్ని, కప్పల్ని తీసిన చేత్తో పెళ్లికూతుర్ని తీయడమేమిటని ఒక ముసలమ్మ అంది. ఆమె పేరు ఎర్రమ్మ. ఆమె మనవరాలు హైమ పెళ్లి ఫోటోల పని మాకు రావాల్సింది, వేరే స్టూడియోకు పోయింది. దాని వెనకే ఇంకో రెండు పెళ్లిళ్లు పోయాయి. నీలాచలానికీ గున్నమ్మకూ మా స్టూడియో తప్ప ఇంకో ఆధారం లేదు.

"పుస్తకంలో పేరు పడనీ, అందరి నోళ్లూ అవే మూతపడతాయి," అన్నాడు నీలాచలం.

"పడకపోతే ఏటి మావా?" అని అడిగింది గున్నమ్మ. అతను లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పుస్తకంలో పాము పేజీలు, బల్లి పేజీలు అన్నీ మందాకిని పాత ఫోటోలతో ముందే నిండిపోయాయి. ఒక్క పేజీ మిగిలింది. ఆ అడవిలో ఒక చిన్న కప్ప ఉంది. చెట్టు తొర్రలో నిలిచిన వాననీళ్ల పైన, లోపలి గోడను పట్టుకుని, ఆడా మగా రెండూ తలకిందులుగా వేలాడుతూ గుడ్లు పెడతాయి. ఆ దృశ్యం మందాకిని కెమెరాకే చిక్కలేదు. వానలు వెనక్కి తగ్గితే తొర్రలో నీళ్లు ఇంకిపోతాయి, ఆ ఫోటో లేకుండానే పుస్తకం అచ్చుకు వెళ్లిపోతుంది.

"ఈ పేజీ మీకే ఇడిచిపెట్టిన అన్నా," అంది.

మొదటిసారి మావాడు చేసిన పని పెళ్లి ఫోటోలు తీసేవాడు మాత్రమే చేయగలడు. ఇంటి దగ్గర నుంచి ఒక మందార కొమ్మ కోసుకొచ్చాడు. తొర్రలోంచి కప్పను మెల్లగా పట్టి తీసి, ఆకు మీద కూర్చోబెట్టి, పక్కనే ఎర్రటి పువ్వు అమర్చి తీశాడు. నా వెలుగులో అది అద్భుతంగా వచ్చిందనే చెప్పాలి. మందాకిని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది దొంగ ఫోటో అన్నా. ఈ కప్ప జన్మల మందార ఎక్కదు. మీరే ఎక్కిచ్చిండ్రు. మన చేతికున్న ఉప్పు, సబ్బు దాని తోలుకు పడదు, తెలుసా?"

నీలాచలం మొహం చిన్నబోయింది. అతన్ని అలా చూసి నాకు బాధేసింది. మనసులో అతనికి ఏ దురుద్దేశమూ లేదు. ఎదురుగా ఎవరున్నా అందంగా కనబడాలనే ఆరాటమే అదంతా.

ఆ తరువాత కప్ప మీద చేయి వేయలేదు. పొద్దు వాలేవేళ తొర్ర పక్కన మోకాళ్ల మీద కూర్చునేవాడు. లోపల మగకప్ప కూత మొదలుపెట్టేది. గున్నమ్మ నన్ను తొర్ర అంచున ఎత్తి పట్టేది. కెమెరా కంటికి ఆనేది. సరిగ్గా అప్పుడు నీలాచలం నోటి నుంచి ఆ మాట వచ్చేది.

"రెడీ."

కూత ఆగిపోయేది. కప్ప నీళ్లలోకి దూకేది. ఇరవై ఏళ్లుగా వేల జంటల ముందు అన్న మాట అది, వేలు మీట మీద పడాలంటే ముందు నోట్లోంచి ఆ మాట రావాలి. పెదాలు కొరుక్కున్నాడు, నోటికి తువ్వాలు కట్టుకున్నాడు, తువ్వాల్లోంచి కూడా "లెడీ" అని వినబడింది. ఆరు సాయంత్రాలు ఇలాగే పోయాయి. తొర్రలో నీళ్లు బెత్తెడు దిగాయి.

ఏడోనాడు గున్నమ్మ కొంగులోంచి ఒక పొట్లం తీసింది. ముందురోజు ఎవరో బంధువుల పెళ్లిలో పెట్టిన చలిమిడి.

"నోరు తెరు," అంది.

"ఇప్పుడేటే తిండి?"

"తినొద్దు. నోట్లో ఎట్టుకో. కదపకు."

నిమ్మకాయంత ముద్ద కుక్కింది. చలిమిడి సంగతి తెలిసిందే కదా, అంగిటికి అంటుకుంటే నాలుక బందీ అయినట్టే. నీలాచలం బుగ్గలు ఉబ్బించుకుని కెమెరా ఎత్తాడు. గున్నమ్మ నన్ను ఎత్తింది. వాన సన్నగా పడుతోంది. ఆమె మడమ మీద ఒక జలగ పాకుతోంది, నాకు కనబడుతోంది, ఆమెకు తెలుస్తోంది, కాలు మాత్రం కదల్చలేదు.

మగకప్ప కూసింది. కాసేపటికి గోడ వెంబడి ఆడకప్ప మెల్లగా దిగింది. రెండూ తలకిందులుగా, నీటి అంచున ఒకదానిపై ఒకటి అతుక్కున్నాయి. నీలాచలం గొంతులో "మ్" అని ఏదో అణిగింది, చలిమిడి దాటి రాలేదు. వేలు పడింది. నా ఒళ్లంతా వెలుగైంది. తడిసిన ఆ చర్మాల మీద ఒక్క చోటైనా గుడ్డి మెరుపు లేదు, గోడకు ఆనించిన వేళ్లతో సహా అన్నీ కనబడ్డాయి. కప్పలు బెదరలేదు. నాలుగైదు సార్లు తీశాడు. ఆ తరువాత కెమెరా దించేసి, ఇక చాలని చేత్తో సైగ చేశాడు. పెళ్లిళ్లలో జంటకు కాళ్లు లాగేసేదాకా వదలని మనిషి ఆ జంటను వదిలేశాడు. ఆ క్షణంలో అతనంటే నాకు మొదటిసారి నిజంగా గౌరవం కలిగింది.

మందాకిని ఫోటో చూసి గున్నమ్మ చేతులు పట్టుకుంది.

"వదినా, ఈ పేజీ మీ ఇద్దరిదే."

పుస్తకం వచ్చింది. ఆ పేజీ కింద 'ఫోటో: నీలాచలం, వెలుగు: గున్నమ్మ' అని అచ్చయింది. నా పేరు లేదు. వెలుగు ఎవరిదో చూసేవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. అయితే నోళ్లేమీ మూతపడలేదు. జంగ్లీఘాట్‌లో కప్పల పుస్తకం కొని చదివేవాళ్లెవరు?

అప్పుడు గున్నమ్మ ఆ ఫోటోను నిలువెత్తు అచ్చు వేయించి, స్టూడియో అద్దాల వెనక, పెళ్లిజంటల ఫోటోల నడిమధ్య పెట్టింది. నీలాచలం బెంబేలెత్తాడు.

"ఉన్న పెల్లిల్లు కూడా పోతాయే."

"ఒగ్గీ మావా. ఇది మట్టుకు జంట కాదేటి?"

చాలామంది ఆగి చూశారు, కొందరు నవ్వుకున్నారు, కొందరు చెంపలేసుకున్నారు. ఒక మధ్యాహ్నం హైమ వచ్చింది. వెనకాల గొణుక్కుంటూ ఎర్రమ్మ. వేరే స్టూడియోవాడు నిశ్చితార్థంలో తీసిన ఫోటోలు హైమ చేతిలో ఉన్నాయి. వాటిలో ఆమె మొహం అచ్చం ఇత్తడి బిందే. ఆ పిల్ల అద్దం ముందు నిలబడి కప్పల జంటను చాలాసేపు చూసింది. ఎర్రమ్మ కూడా, వద్దనుకుంటూనే, కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని చూసింది. హైమ లోపలికొచ్చింది.

"సిన్నాన్నా, ఆ కప్పకి ఎట్టిన లైటే నాకూ ఎట్టండి."

నీలాచలానికి నోట మాట రాలేదు, ఈసారి చలిమిడి లేకుండానే. గున్నమ్మ లేచి మేకు మీద నుంచి నన్ను తీసి కొంగుతో తుడిచింది.

ఇప్పుడు నా తెలుపు పోయింది. ఎండకూ ఫ్లాష్ వేడికీ పసుపెక్కాను. నా వెలుగులో ప్రతి పెళ్లికూతురూ అప్పుడే పసుపు రాసుకుని లేచినట్టు ఉంటుందని జనం మెచ్చుకుంటున్నారు. హైమ పెళ్లిలో భోజనాల పక్కన కొత్త పెరుగు బకెట్లు వరసగా నిలబడి ఉన్నాయి, తెల్లగా, మూతలతో, తీగలతో. అవి నా వైపు చూశాయేమో తెలియదు. నీలాచలం కెమెరా ఎత్తి "రెడీ" అన్నాడు. నాకు పనుంది.