గురవయ్య గజ్జెల కర్ర

పొద్దు పొడిచాక రెండు కోసులు నడిచేసరికే గురవయ్య చెప్పుల్లో ఇసుక వేడెక్కింది. భుజాన ఖాకీ సంచి, తలకు తడిపి చుట్టిన తువ్వాల, కుడిచేతిలో నిలువెత్తు వెదురు కర్ర. కర్ర కొసన ఆరు ఇత్తడి గజ్జెలు. గజ్జెలు కాలికి కడితే ఆట, కర్రకు కడితే బాట. అడుగు పడ్డప్పుడల్లా ఘల్లుమంటుంది. పాము పక్కకు తప్పుకుంటుంది. పొలంలో మనిషి నడుం ఎత్తి, టపా పోతోందనుకుని మళ్లీ వంగుతాడు. పోస్టుమాస్టరు దశరథం పేరులో పది రథాలున్నాయి గానీ, మేళ్లచెరువు టపా మాత్రం ఇరవై రెండేళ్లుగా గురవయ్య రెండు కాళ్ల మీదే నడుస్తోంది.

రజాకార్లు తిరిగిన రోజుల్లోనూ నడిచాడు. యూనియన్ సైన్యం వచ్చాకా నడిచాడు. సర్కారు మారింది. దారి పక్క సర్కారు తుమ్మ మారలేదు, దాని ముల్లూ మారలేదు. ఇప్పుడు గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు, ఊళ్లలో మిలిటరీ క్యాంపులు. మొన్న సోమవారం సంచి మూతికి లక్క వేస్తూ దశరథం గొంతు తగ్గించి చెప్పాడు.

"గురవయ్యా, జర ఇను. క్యాంపోళ్లు ఆర్డరేసిండ్రు. గా దారెంట సప్పుడు లేకుంట నడిచేటోడు దళపోడే అంటరట. అడుగుడు లేదు, కాల్చుడే. నీ గజ్జెలే నీకు పర్వానా. ఆపినవో, ఆగిపోతవ్."

"నా గజ్జెలు ఆగుడేంది సాబ్! నిద్రల గూడ మోగుతున్నయని మా అండాలు తిడుతది."

అలా అన్నాడే గానీ, రోజూ ఒకచోట ఆపుతున్నానని చెప్పలేదు.

వాగు దాటితే సున్నపురాళ్ల గడ్డ. గడ్డ నడినెత్తిన, కాలిబాటకు రెండు మూరల దూరంలో తీతువు గుడ్లు పెట్టింది. గూడు లేదు, పుల్ల లేదు. గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, అవీ మచ్చల రాళ్లలాగే ఉన్నాయి. ఇరవై ఏడు రోజుల కిందట మడమ మోపబోయి, ఒంటికాలి మీద ఆగిపోయి చూశాడు. మొదట్లో గజ్జెలు వినగానే ఆ పక్షి లేచి, నెత్తి మీద తిరుగుతూ గడ్డంతా అదిరేలా అరిచేది. అది లేచి ఉన్నంతసేపు గుడ్లు మే నెల ఎండలో ఉడుకుతాయి. అందుకని గురవయ్య గడ్డ ఎక్కే ముందు తువ్వాల విప్పి, గజ్జెలకు చుట్టి, రెండు ముళ్లు వేసి, వంద అడుగులు పిల్లిలా నడిచి, అవతల విప్పేవాడు. పది రోజులకు పక్షి అతన్ని చూసి లేవడం మానేసింది.

విషయం విన్న రాత్రి భార్య అండాలు గుండె బాదుకుంది.

"తీతువు ఒర్లితే సావు కబురంటరు. దానికి కావలి గాస్తున్నవా?"

"సావు కోసం కాదే, పిల్లల కోసం ఒర్లుతది. ఇంట్ల ఒక్క అండాలు, బాటల నాలుగు అండాలు. నా బతుకంత కాపలేనాయె."

ఆమె నవ్వబోయి నవ్వలేదు. పెళ్లై పద్దెనిమిదేళ్లు. ఆ ఇంటి దూలానికి ఊయల తాడు పడలేదు.

వాగులో నీళ్లు లేవు, ఇసుకలో తవ్విన చెలిమె ఉంది. తడి ఇసుక మీద పసుపు సీతాకోకచిలుకలు గుంపుగా వాలి తేమ పీలుస్తున్నాయి. సీత లేదు, చిలుక లేదు, కోక మాత్రం నిజం. అంచు సన్నగా, నల్లగా, ఇప్పుడే ఉతికి ఆరేసినట్టుంది. ఎర్ర తూనీగ ఒకటి తుంగపోచ కొసన తోక నిక్కించి కూర్చుంది. పేరులో ఈగ ఉన్నా, ఈగలనే పట్టి తినే ఘటం. రేల చెట్టు మీద పాలపిట్ట రెక్క విప్పి మూసింది. ఆ ఒక్క క్షణం నీలం కోసం గురవయ్య రోజూ ఇక్కడ కాసేపు నిలబడతాడు.

మేకలు కాసే నర్సింగమ్మ చిప్పతో కుండకు నీళ్లు తోడుతోంది.

"ఏం టపా బావా, నాకు ఉత్తరం లేదా?"

"నీకు రాసేటోడు ఇంక పుట్టాలె మరదలా."

"పిట్టలను సూస్కుంట నిలవడు. నీ టపా పొద్దుమీకి చేరుతది."

"ఆలిశమైతే ఉత్తరం పాశిపోతదా? ఇయ్యాల తీతువు గుడ్లల్లకెల్లి పిల్లలు ఎల్లే రోజు. లెక్కవెట్టిన."

ఆమె తల కొట్టుకుని నవ్వింది. అతను దోసిలితో నీళ్లు తాగి, తువ్వాల తడిపి చుట్టుకుని గట్టెక్కాడు.

అప్పుడే తీతువు అరుపు మొదలైంది. గడ్డ ఇంకా కొంత దూరం. గురవయ్య ఆగి చెవి పెట్టాడు. 'గాలి అటు తిరిగింది. నా గజ్జెలే ఇనపడ్డయ్. పిల్లలు ఎల్లినయేమో, తల్లి బెదురుతాంది' అనుకున్నాడు. ఇరవై రెండేళ్లు ఆ దారిలో పిట్టల కూత చదివినవాడు, ఆ పొద్దు ఒక్క కూత తప్పు చదివాడు. రోజూ గడ్డ మొదట్లో గజ్జెలకు కట్టే తువ్వాలను ఆ రోజు యాభై అడుగుల ముందే తల నుంచి విప్పాడు. గజ్జెలకు గట్టిగా చుట్టాడు. రెండు ముళ్లు వేశాడు.

గడ్డ నెత్తిన అతనికి ముందు కనిపించింది పెంకు. పగిలిన పెంకు పక్కన ఒక గులకరాయి కదిలింది. దానికి కాళ్లున్నాయి. మరొకటి కదిలింది. గురవయ్య కర్రను మెల్లగా నేల మీద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. ముఖమంతా నవ్వయింది.

"వొచ్చిండ్రా బిడ్డా..."

తల్లి ఇంకా అరుస్తూనే ఉంది. తలెత్తి చూశాడు. అది తన మీద తిరగడం లేదు. అవతల తంగేడు పొదల మీద తిరుగుతోంది. పొదల్లో ఏదో తళుక్కుమంది. గురవయ్య చెయ్యి కర్ర కోసం చాపాడు. అందింది. ఊపాడు. చప్పుడు రాలేదు.

తుపాకి ఒక్కసారే పేలింది. వాగు పక్కన గువ్వలన్నీ లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ వాలాయి.

నర్సింగమ్మ పరుగున వచ్చేసరికి నలుగురు జవాన్లు సంచి విప్పి ఉత్తరాలు చూస్తున్నారు. ఒకడు కర్ర తీసుకుని ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ ఊపాడు. వాడి ముఖం పాలిపోయింది.

"టపాయన దొరా! గీ పిల్లల కోసం గజ్జెలకు తువ్వాల సుట్టిండు. గిటు సూడుండ్రి, గీ పిల్లల కోసం!" ఆమె నేల చూపిస్తూ ఏడ్చింది.

వాళ్లకు ఆమె భాష రాదు. చూపించిన చోట వంగి చూశారు. రాళ్లే కనిపించాయి.

మర్నాడు ఉత్తరాలు మరో మనిషి భుజాన మేళ్లచెరువు చేరాయి. కర్రను మాత్రం దశరథం స్వయంగా మోసుకొచ్చి అండాలు చేతికిచ్చాడు. ఆమె దాన్ని దూలం కింద మూలకు చేరేసింది. కొసన గజ్జెల చుట్టూ ఆ తువ్వాల, చెమట ఉప్పు తెల్లగా ఆరి, వేసిన రెండు ముళ్లతో అలాగే ఉంది.