నెత్తళ్ల నీళ్లు

"మాంసం వెయ్యమమ్మా. నీళ్లే. నెత్తళ్లు కాచిన నీళ్లు, అంతే" అంది ఫోన్లో హోటలామె.

సూరన్ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని సోయా మొలకల తోకలు తుంచుతోంది. "నెత్తళ్లు చేపలే కదండీ" అంది.

"కాచాక తీసి పారేస్తాం కదమ్మా. నీళ్లలో చేపెక్కడుంటుంది?"

సరేనండీ అని పెట్టేసింది. ఇంతకుముందు ఫోన్ చేసిన చోట కూరగాయల అన్నమే అన్నారు. అందులో కలిపే కారంలో గొడ్డుమాంసం కొట్టి వేయిస్తారట. ఇంకోచోట అన్నం చుట్టలో పంది హామ్ మాత్రం వేస్తాం, అది మాంసం కిందికి రాదు అన్నారు. మరోచోట అన్నీ బాగానే ఉన్నాయి, కిమ్చీ పచ్చడిలో రొయ్యల ఉప్పు. బుసాన్ అంత పెద్ద ఊరు. వీధికి పది హోటళ్లు. నీచు ముట్టని మనిషి కూర్చుని నాలుగు ముద్దలు తిందామంటే ఆ ఊళ్లో బల్ల లేదు.

మామగారికి డెబ్బై నిండుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం అందరూ బయట తినాలి. ఎక్కడ తినాలో వెతకడం సూరన్ పని. ఎవరూ అప్పగించలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె చేసింది, అప్పట్నుంచీ అది ఆమెదయింది. పండగకి పిండివంటలు ఆమెవి, అత్తగారి మందులు ఆమెవి, ఆడపడుచు యోంజు ఇల్లు మారితే సామాను కట్టడం ఆమెది. ఉదయం బడి వంటింట్లో వందలమంది పిల్లలకి వండి, సాయంత్రం ఇంట్లో మళ్లీ పొయ్యి ముందు నిలబడుతుంది. బడిలో వండేది జీతానికి. ఇంట్లో వండేది దేనికో ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఈసారి మాత్రం తనకీ ఒక ముద్ద దొరికే చోటు చూసుకోవాలనుకుంది. తల్లి పోయి నెల కాలేదు.

ఆ తల్లి బతుకంతా చేపల బజార్లో గడిచింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ముందొక చెక్క బల్ల, చేతిలో కత్తి. కొట్టుకుంటున్న చేపని అదిమిపట్టి ఒక్క వేటుకి తల తీసేది. ఆ డబ్బుతో కొడుకుని చదివించింది, కూతురికి పెళ్లి చేసింది. ఆస్పత్రిలో చివరి రోజుల్లో చేతులు ముందు పెట్టుకుని చూసుకునేది. ఎంత కడిగినా గోళ్ల కింద నీచు పోలేదనేది. "ఇన్ని పీకలు కోశాను. అక్కడ అడిగితే ఏం చెప్పనే సూరన్?" అంది ఒకరోజు. పోయినవాళ్లని పైలోకంలో నలభై తొమ్మిది రోజులపాటు వారం వారం నిలబెట్టి అడుగుతారనీ, ఇక్కడున్నవాళ్లు చేసే మంచి అక్కడివాళ్ల బరువు తగ్గిస్తుందనీ తల్లి నమ్మేది. చెయ్యాల్సింది కొడుకు. తమ్ముడు చర్చికి వెళ్తాడు. "అమ్మ దేవుడి దగ్గరుందక్కా, ఇవన్నీ ఎందుకు" అన్నాడు. అత్తవారింట్లో పుట్టింటివాళ్ల పటం పెట్టి మొక్కడానికి లేదు. కొండమీది చిన్న గుడిలో సన్యాసిని ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్లి సూరన్ ఏడ్చింది.

"నీ చేతిలో ఏముంది?" అందావిడ.

"ఏమీ లేదండీ. నోరొక్కటుంది."

"అయితే నోరు కట్టుకో. ఆ రోజులన్నీ నీచు ముట్టకు. అమ్మకి చేరుతుంది."

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు భర్త తేసొప్ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నేనేమైనా అడ్డం చెప్పానా? తినకు. మాకు మాత్రం కాల్చిపెట్టు." అత్తగారు అంత తేలిగ్గా వదల్లేదు. "పెళ్లయి వచ్చిన పిల్లవి. నీ పుట్టింటి చావుకి మా ఇంటి వంట చప్పబడాలా? చేపలమ్మి కూతురు చేప ముట్టదట. వింటే నలుగురూ నవ్వుతారు." సూరన్ వాళ్ల పులుసు వాళ్లకి కాచి, తన అన్నంలో నువ్వుల నూనె, ఉప్పు కలుపుకుని తినేది. బడిలో పులుసు రుచి చూడాల్సి వచ్చినప్పుడు పక్కనున్న పిల్‌సూన్ అక్క చెంచా అందుకునేది. "నీ వంతు పాపం కూడా నేనే తాగుతున్నాను. పైకెళ్లాక నా పేరు చెప్పు" అనేది అక్క.

చివరికి దొరికింది. గుడికి పోయే దారిలో, కొండ మొదట్లో ఒక హోటలు. అక్కడ గుడి భోజనమే. నెత్తళ్లు లేవు, రొయ్యల ఉప్పు లేదు, వెల్లుల్లి కూడా లేదు. సూరన్ రెండుసార్లు అడిగింది. ఫోన్లో ఆవిడ విసుక్కోకుండా రెండుసార్లూ చెప్పింది. అందరి పేరునా బల్ల చెప్పి, రాత్రి భోజనాల దగ్గర తేసొప్‌కి చెప్పింది. "ఏదో ఒకటి కానీ" అన్నాడు.

ఆదివారం కారు కొండవైపు తిరగలేదు.

"ఇటు కాదండీ."

"ఇటే. గొడ్డుమాంసం కాల్చే చోట చెప్పాను. నువ్వు చెప్పింది మానిపించాను."

"ఎప్పుడు?"

"మొన్న."

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా."

"అంటే మొహం మాడ్చుకుంటావని. ఇప్పుడు చూడు, మాడ్చుకోనే మాడ్చుకున్నావు."

వెనక సీట్లోంచి అత్తగారు అందుకుంది. "డెబ్బయ్యేళ్లు బతికింది ఆకులు నమలడానికా? మేకని తోలుకెళ్లినట్టు తోలుకెళ్దామనుకుంది మీ నాన్నని." పక్కన యోంజు కిసుక్కుమంది. మామగారు కిటికీలోంచి సముద్రం చూస్తున్నాడు. ఆయనకి ఆ వైపు చెవి వినపడదు, లేక వినపడనట్టుంటాడు.

హోటల్లో బల్ల మధ్యలో నిప్పులు తెచ్చి పెట్టారు. పటకారు, కత్తెర ఎవరు ఎవరికిచ్చారో ఎవరూ గమనించలేదు, అవి సూరన్ చేతుల్లో ఉన్నాయి. ముక్క పరిచి, తిప్పి, కత్తెరతో కోసి, మొదట మామగారికి, తర్వాత అత్తగారికి, తర్వాత భర్తకి, ఆడపడుచుకి. మళ్లీ పరచాలి. పొగ కళ్లలోకి, జుట్టులోకి పోతోంది. ఈ వాసన రేపు తలంటుకున్నా పోదు. నోరు కట్టుకుని చేతులు విప్పి పెడితే ఇది ఏం వ్రతం అనిపించింది ఆమెకి. అమ్మ కత్తి పట్టింది, తను కత్తెర పట్టింది. అక్కడ అమ్మ తలవంచుకుని నిలబడి ఉంటే, ఇక్కడ కూతురు తను తినని మాంసం నలుగురికీ కోస్తోంది. ఆ అడిగేవాళ్లు దీన్ని ఏ పద్దు కింద రాసుకుంటారో.

"కోడలా, నువ్వేం తినడం లేదు" అన్నాడు మామగారు.

"దానికి మొక్కు" అంది అత్తగారు. మరుక్షణం గొంతు మార్చింది. "అయినా వట్టి కడుపుతో కూర్చుంటే చూస్తూ ఊరుకుంటానా? ఇందాక నేనే వంటింటి గుమ్మం దాకా వెళ్లి చెప్పొచ్చాను. దీనికి విడిగా సోయా పులుసు, వట్టి నీళ్లతో. ఇదిగో."

బుడగలు తేలుతూ మట్టి చట్టి వచ్చింది. సూరన్ పటకారు పక్కన పెట్టింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక అత్తగారు తనకోసం ఒక గుమ్మం దాకా నడవడం ఇదే మొదలు. కళ్లు చెమర్చాయి, పొగ అనుకున్నారు అందరూ. మొదటి చెంచాకే నాలుక చెప్పింది. వందలమందికి వండే నాలుక అది, ఏ పులుసు దేంతో కాచారో చుక్కలో పట్టేస్తుంది. సూరన్ ఆ నాలుకని నమ్మలేదు. అత్తగారిని నమ్మింది. మంట మీద మాంసం కాలుతుంటే గాలే నీచుగా ఉంటుంది, అందుకే అలా తోచిందిలే అని సర్దిచెప్పుకుంది. ఆకలి మీదుంది. అన్నం కలుపుకుని, ఎవరూ పెట్టని మనిషికి పెడితే ఎలా తింటుందో అలా తింది. చట్టి అడుగు తేలింది.

యోంజు నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, ఇక చెప్పేయవే."

"ఏముంది చెప్పడానికి" అంది అత్తగారు. "నెత్తళ్ల పొడి ఒక గరిటె ఎక్కువే వేయించాను. మనిషి పీనుగులా అయిపోతోందని. తిన్నావు కదా, ఏమైంది? కప్పు కూలిందా? చెడిందేదో చెడింది, పీడా పోయింది. ఇక ఆ ముక్క అందుకో."

"వదినకి తెలియనే లేదు. బడిలో వండేది ఈవిడేనట" అంది యోంజు.

సూరన్ భర్తవైపు చూసింది. తేసొప్ ముక్కుతో నవ్వి, ఆకులో మాంసం చుడుతున్నాడు. "సరేలే. అమ్మ నీ మంచికే కదా చేసింది."

నోట్లో ఇంకా ఆ రుచి ఉంది. చిన్నప్పుడు తల్లి కొంగులో ఉండే వాసన అది. దాన్ని నోటికి రానివ్వకుండా ఇన్నాళ్లు దాచుకుంది, తల్లి గోళ్ల కింద నుంచి ఒక్కొక్క పొలుసూ తీస్తున్నట్టు. ఇప్పుడు గుప్పెడు పొలుసులు తీసుకెళ్లి మళ్లీ అక్కడే కుక్కినట్టయింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. అత్తగారి మీద కూడా కాదు ఆమెకి కోపం. తన నాలుక నిజం చెప్తే దాని నోరు తనే మూయించింది, అందుకు తన మీదే. చేప అని నాలుక చెప్పింది. ఇన్నేళ్లూ ఎన్ని చెప్పి ఉంటుందో అది. అన్నిటికీ పొగే కారణం అనుకుంటూ వచ్చింది.

పటకారు తీసి తేసొప్ చేతిలో పెట్టింది. అతను దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు చూశాడు.

"తిప్పండి. అటువైపు మాడుతోంది."

"నువ్వెక్కడికి?"

"అన్నం తినడానికి."

"మరి ఇదేమిటి?"

సూరన్ మామగారి ముందు వంగి, "చల్లగా ఉండండి మామయ్యా" అని దండం పెట్టింది. చెప్పులు వేసుకుంటుంటే వెనక అత్తగారి గొంతు వినపడుతూనే ఉంది. "పోనీరా, కాస్త గాలి తగిలితే అదే వస్తుంది. ఎక్కడికి పోతుంది?"

మెట్రో ఎక్కి కూర్చుంది. ఎదురుగా కూర్చున్న ముసలావిడ ఆమె బట్టల్లోంచి వచ్చే మాంసం వాసనకి ముక్కు చిట్లించింది. ఎక్కడికి పోతుంది అన్నది న్యాయమైన మాటే. పుట్టిల్లు తమ్ముడిది, ఇల్లు తేసొప్‌ది. రోజుల లెక్క పోయింది. అయితే ఆ లెక్క ఎవరిది? తనే పెట్టుకుంది, తనే మళ్లీ ఇవాళ్టి నుంచి మొదలుపెడుతుంది. అక్కడ అడిగేవాళ్లు అన్నాళ్లు ఆగకపోతే అమ్మనే వాళ్లకి కాస్త ఆగమని చెప్పమంటుంది. అమ్మ బేరానికొచ్చినవాళ్లని నిలబెట్టడంలో గట్టిది. ఈసారి నోరొక్కటే కట్టుకుంటే చాలదు. ఆ ఇంట్లో ఎవరికోసమూ పటకారు పట్టదు. ఎలా జరుగుతుందో తెలియదు, జరగకపోతే ఏమవుతుందో కూడా తెలియదు. భయంగానే ఉంది. రైలు దిగి, బస్సెక్కి, కొండ మొదట్లో దిగింది.

గుడి భోజనం హోటలామె గుమ్మంలోనే అడిగింది. "ఒక్కరేనా అమ్మా? ఒక్కరికి బల్ల పెట్టమే. ఇద్దరికి తక్కువ వడ్డించం."

ఊళ్లో చాలాచోట్ల ఇంతే. ఒంటి మనిషికి అన్నం లేదు. సూరన్ వెనక్కి తిరగబోయి ఆగింది.

"ఇద్దరమే" అంది. "ఇద్దరికీ పెట్టండి."

ఎదురెదురుగా రెండు ఆసనాలు, మధ్యలో పొట్టి బల్ల. తామర తూళ్లు, కొండ ఆకుకూరలు, సోయా జున్ను, వేడి వేడి పులుసు వచ్చాయి. ఈసారి సూరన్ కళ్లు మూసుకుని నాలుకని అడిగింది. పుట్టగొడుగులు, సముద్రపు నాచు, ఇంకేమీ లేదంది. నమ్మింది. అవతలి అన్నం గిన్నె మూత తీసింది. పులుసు అటు జరిపింది. తర్వాత చెంచా తీసుకుని ఆ అన్నం మధ్యలో నిలువుగా గుచ్చింది.

బతికున్నవాళ్ల బల్ల మీద అలా గుచ్చకూడదు. చిన్నప్పుడు ఆటకి గుచ్చితే తల్లి చేతి మీద కొట్టి, అది పోయినవాళ్లకే నాన్నా అనేది. పక్క బల్ల దగ్గర ఒకావిడ తన కూతుర్ని అటు చూడొద్దని మోచేత్తో పొడిచింది. హోటలామె వంటింటి గుమ్మంలోంచి చూసింది. వచ్చి తీయమంటుందని సూరన్ చెంచా మీద చెయ్యి వేసి పట్టుకుంది. ఆవిడ వచ్చింది. అవతలి ఆసనం ముందు ఒక గ్లాసు నీళ్లు పెట్టి వెళ్లిపోయింది.

ఫోన్ మోగింది. తేసొప్.

"ఎక్కడ చచ్చావ్? నాన్న అడుగుతున్నాడు. ఇక్కడ సగం మాడిపోయింది. అమ్మకి మోకాలు నొప్పి, ఇంటికెళ్లి కాపడం పెట్టాలి. ఎంతసేపట్లో వస్తావ్?"

సూరన్ ఎదురుగా ఉన్న గిన్నె చూసింది. అన్నం మీంచి ఆవిరి నెమ్మదిగా పైకి లేస్తోంది.

"ఎంతసేపో చెప్పలేనండీ" అంది. "అమ్మ ఇంకా తినడం మొదలుపెట్టలేదు."