రెల్లుపూత, దేవాంగపిల్లి

శరత్కాలోదయమున స్వర్ణముఖీనదీపరిసరమందలి చిత్తడినేలలెల్ల కాశకుసుమధవళములై మేఘములు దిగివచ్చి విశ్రమించినవో యన్నట్లు మందమారుతమునకు మెల్లన నూగుచుండెను. రెల్లుతుదల నంటిన మంచుబిందువులు బాలభానుకిరణసంపర్కమున నొక్క క్షణము మెఱసి రాలిపోవుచుండెను.

అచ్చట రెల్లు గోసి యిండ్లకు కప్పులు వేయుచు జీవించు చెంగల్రాయు డనువానికి పొన్నమ్మ యను మాతృహీనయగు పుత్రిక యొక్కతె గలదు. ఆ బాలికకు నేత్రరోగము సోకి చూపు నానాటికి సన్నగిల్లి తుదకు వెలుతురునకును చీకటికిని భేదము తెలియకుండ పోయెను. మ్రొక్కులును మందులును నిష్ఫలములయ్యెను. అంతట సంతలో పసరుమందు లమ్ము వృద్ధు డొకడు విశాలనేత్రయుగళముతో నిశాంధకారమును జయించు దేవాంగపిల్లికి పొగపట్టి దాని కన్నీరు కన్నుల విడిచినచో చూపు మరలునని చెప్పగా పుత్రికావాత్సల్యాంధుడైన యా తండ్రి కొండకేగి పేరునకు పిల్లియే యైనను కోతిజాతిదై పిడికెడంతయు లేని యా ప్రాణిని పట్టి తెచ్చెను.

పొన్నమ్మ దాని నొడిలో నిడుకొని చాలసేపు నిమిరెను.

"రెల్లుపూత మాదిరే మెత్తగుంది నాయనా. అయితే దీని గుండె కొట్టుకుంటాంది."

"అడవిలో ఒకటి పోతే ఇంకోటి పుడతాది బిడ్డా. రెల్లు కోస్తే మళ్లా మొలవడంలా?"

"రెల్లుకు నొప్పి తెలీదు. దీన్ని వదిలేయి నాయనా. నాకు చూపు రాకపోయినా సరే."

అతడు విడిచెదనని మాటయిచ్చెను. కాని కూతురి కన్నులు జూచినప్పుడెల్ల నా మాట యతని హృదయమున నిలువదయ్యెను. మఱునాటి మధ్యాహ్నమున నామె నిద్రించుచుండ పెరటిలో పొగవేసెను. కన్నీరు రెండుమూడు చుక్కలు రాలెను. ఆ యల్పప్రాణియు నా పొగలోనే యసువులు బాసెను. అతడు దాని కళేబరమును తొందరపాటున రెల్లుకుప్పక్రింద దాచి మేలుకొన్న కూతురి కన్నుల నా చుక్కలు విడిచి యివి యాకుపసరనియు జంతువును కొండలో వదలి వచ్చితిననియు పలికెను. ఆమె సంతసించి నవ్వెను. చూపు మాత్రము రాలేదు.

సాయంకాలమున పొన్నమ్మ తండ్రికి తోడుగా తడిమి తడిమి రెల్లు కట్టలు గట్టుచుండ నామె చేతి కొక మెత్తనిది తగిలెను. పూతయే యనుకొని నిమిరెను. చిన్నిచిన్ని వ్రేళ్లు తగిలెను. అంతట నామె దాని యెదపై నరచేయి మోపి కదలక కూర్చుండెను. చెంగల్రాయుడు చేతి కట్ట విడిచి యామె యెదుటికి వచ్చెను.

"వదిలేసినానంటివి గదా" అని మాత్ర మామె యడిగెను.

ఆమె యతని నిందింపలేదు. తన చేతులతోనే మన్ను త్రవ్వి దానిని పూడ్చెను. పిదప నెప్పటివలెనే నాయనా యని పిలిచెను, అన్నము వడ్డించెను. కాని వాన వెలసినదని యతడు చెప్పినను చూరువెలుపలికి చేయి చాచి చూచినగాని నమ్మెడిది కాదు.