మార్చని రేకు

సినిమా హాల్లో మిషన్ నడిపిన ముసలి ఆపరేటర్ కూతురి ఆఫీసులో కుర్చీ అంచున కూర్చున్నాడు. పాత సినిమా రీళ్ళు శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని.

"మెట్ల సీన్లో పైన నిలబడ్డ మనిషి పేరు ఎక్కడా లేదు నాన్నా. అమ్మేననిపిస్తోంది. ఆ వయసులో అమ్మని నేను చూళ్ళేదు కదా. నువ్వు అవునంటే పేరు రాస్తా. ఇవాళే పంపాలి."

"మీ అమ్మ కోతలు నువ్వూ మొదలెట్టావా? ఆ సినిమా వంద రోజులు ఆడించాను. పైన రెండు కాళ్ళు తప్ప ఏమీ లేవు."

పెళ్ళయిన కొత్తలో, మెట్ల మీద ఉన్నది తనేనని భార్య చెప్పింది. మూడు ఆటలు చూపించాడు. కాళ్ళే. అప్పట్నుంచి నలుగురిలోనూ ఆమెను కాళ్ళ హీరోయిన్ అన్నాడు. పోయేదాకా ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కూతురు సినిమా నడిపింది.

సినిమాలోని యజమాని మెట్ల కింద నిలబడి అరుస్తున్నాడు. ఆ గద్దింపు ఆపరేటర్‌కి కంఠతా వచ్చు. తన హాల్లో ఆ మనిషి తెర నిండా కొండలా ఉండేవాడు. ఇంట్లో తనూ అలాగే నడుం మీద చేతులు పెట్టుకుని అరిచేవాడు. ఇక్కడ అతను ఓ మూల, చెప్పులతో సహా, జానెడు. పైనంతా వెలుతురు. ఆ వెలుతురులో బట్టల మూట చంకన పెట్టుకుని, తలతో సహా, ఆమె.

"ఈ తల ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఎప్పుడూ ఉంది. మీ హాల్లో వెడల్పు తెర కదా. మిషన్లో బొమ్మ ముందుండే రేకు, పాత సినిమాలకి మార్చేవాడివా?"

మార్చలేదు. రెండు మరలు విప్పడానికి బద్ధకం. అన్నిటికీ ఒకటే రేకు. పైనా కిందా కొంత కోసేస్తుందని తెలుసు. పైన కప్పు, కింద నేల, ఎవడికి కావాలి అనుకున్నాడు.

ఆమె కిందికి చూస్తోంది. ఆ చూపు అతనికి తెలుసు. వంటింటి గుమ్మంలోంచి ముప్పయ్యేళ్ళు చూసింది. భయమనుకున్నాడు. ఇక్కడ భయం లేదు. మరేమిటి?

"మళ్ళీ వెయ్యి."

మూడుసార్లు వేసింది. అసహ్యమా? జాలా? నవ్వు ఆపుకుంటోందా?

"సినిమాలో డైరెక్టర్ చూడమన్నాడు, చూసింది. ఇంట్లో ఎవడు చూడమన్నాడే?"

"నన్నడుగుతావేం? కాపరం చేసింది నువ్వు. రాయనా, వద్దా?"

"రాయి. మీ అమ్మే."

రాసింది. తెర ఆపబోయింది.

"ఉంచు."

లేచి నిలబడి చూశాడు. అయినా ఆమె పైనుంచే చూస్తోంది. అలవాటుగా చేతులు నడుం మీదికి పోయాయి. తీసేశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.