గవర్రాజు గారిని తన్నిన బ్రేకు

నేను ఒక తన్నే వస్తువును. కారు బానెట్ ఎత్తితే ఇంజను పక్కన కొబ్బరికాయంత లోహపు పెట్టె, దాని నుంచి చక్రాల వైపు పోయే సన్నటి గొట్టాలు కనిపిస్తాయి. అదే నేను. నన్ను ఏబీఎస్ అంటారు. కారు కొన్నవాళ్లలో చాలామందికి నేనున్నట్టే తెలియదు. తెలిసిన రోజున మాత్రం తిట్టకుండా ఉండరు.

నా పని ఇదీ. తడి రోడ్డు మీద కంగారుగా బ్రేకు తొక్కితే చక్రాలు తిరగడం మానేస్తాయి, బండి మాత్రం జారుతూనే ఉంటుంది. అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా వినదు. అందుకని, చక్రం బిగుసుకుపోతోందని తెలియగానే నేను బ్రేకును కాస్త వదులుతాను, మళ్లీ పడతాను, మళ్లీ వదులుతాను. రెప్పపాటులో ఇదంతా చాలాసార్లు జరిగిపోతుంది. తొక్కినవాళ్ల పాదానికి మాత్రం ఎవరో కింద నుంచి తన్నుతున్నట్టు ఉంటుంది. గర్రుమని చప్పుడు కూడా చేస్తాను. ఆ సమయంలో మర్యాదగా విన్నవించుకునే తీరిక నాకుండదు.

ఫ్యాక్టరీలో యంత్రాలు నన్ను రకరకాలుగా పరీక్షించి బాగానే ఉన్నానని తేల్చాయి. మనుషులు ఎలా ఉంటారో అవి నాకు చెప్పలేదు.

ఒక చిన్న తెల్లకారులో నర్సీపట్నం చేరాను. కొన్నది నూకరత్నం. చింతపల్లి ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం ఆమెది. షోరూములో కుర్రాడు పాటల పెట్టె గురించి గంటసేపు చెప్పి, నా పేరులోని మూడక్షరాలూ ఆవులిస్తూ పలికి ఊరుకున్నాడు. రత్నం ఇంటికెళ్లి కారుతో ఇచ్చిన పుస్తకం చదువుకుంది. ఆమె తండ్రి గవర్రాజు గారు చదవలేదు. ఆర్టీసీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఘాట్ రోడ్డులోనే బస్సు నడిపి, ఒక్క గీత పడకుండా రిటైరైన మనిషి. కూతురు నడుపుతుంటే పక్కన కూర్చుని గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూ, తన ముందు లేని బ్రేకును తెగ తొక్కేవాడు.

చలికాలం వచ్చింది. లంబసింగి ఘాట్‌లో పొద్దున్నే పొగమంచు దిగుతుంది. చెట్ల మీంచి నీళ్లు కారి, రాలిన ఆకులు నాని, రోడ్డు సబ్బు రాసినట్టుంటుంది. ఒకరోజు కూతుర్ని చింతపల్లిలో దింపి గవర్రాజు గారు ఒక్కడే తిరిగొస్తున్నాడు. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా గేదె. అనుభవమంతా మరిచిపోయి ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. నేను తన్నాను.

"ఓలమ్మో!" అని కాలు తీసేశాడు.

కాలు తీసేస్తే నేనేం చేయగలను? కారు నేరుగా పోయి పక్క కాలవలో మూతి పెట్టింది. గేదె ఒకసారి చూసి, నెమరు ఆపకుండా వెళ్లిపోయింది.

కారును పైకి లాగించి, ఊళ్లోకి రాగానే ఆయన మెకానిక్ దగ్గరికి పోయాడు. ఆ మెకానిక్ పేరు దేముడు.

"బ్రేకు తన్నుతోందిరా."

"అది రిపేరు కాదు మావా. దాని పనే అది."

"నన్ను తన్నడవేటి దాని పని? ఘాట్‌లో బస్సు తోలినోణ్ని. పీకీ!"

దేముడు కాసేపు గొణిగి, నా ఫ్యూజు పీకేశాడు. నేను నిద్రలోకి జారుకున్నాను. నేను పనిచేయడం లేదని చెప్పడానికి స్టీరింగు వెనక పసుపు రంగు దీపం వెలిగింది. గవర్రాజు గారు దాని మీద నల్లటి టేపు ముక్క అంటించాడు.

ఇవీ, ఆ తరవాతి సంగతులూ మళ్లీ నిద్ర లేచాక వాళ్ల గొడవలోంచి విన్నవే. దుమ్ము తుడుస్తూ రత్నం టేపు చూసిందట.

"ఇదేటి నాన్నా?"

"దిష్టి సుక్క. కొత్త బండి కదా."

"దిష్టి చుక్క కింద దీపం కూడా పెట్టేవేటి?"

ఆమె అప్పటికప్పుడు తండ్రిని ఎక్కించుకుని దేముడి దగ్గరికి పోయి ఫ్యూజు పెట్టించింది. ఇంటికి వస్తూ కారులోనే తండ్రికి నచ్చచెప్పబోయింది.

"నువ్వు బస్సులో బ్రేకు కొట్టి వదిలి, కొట్టి వదిలి ఆపేవోడివి కదా. అదీ అదే చేస్తాది. కాపోతే బేగి చేస్తాది."

"నా కాలు సేసే పని డబ్బా సేస్తాదా? మరింక నానెందుకు?" అన్నాడాయన.

తరవాత చాలా రోజులు ఆ కారులో ఇంజను తప్ప ఎవరూ మాట్లాడలేదు.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజాము. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. రత్నం నడుపుతోంది, ఆయన పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. లంబసింగి దగ్గరి మలుపులో, పొగమంచులోంచి ఉన్నట్టుండి మనుషులు తేలారు. పట్నం నుంచి మంచు చూడ్డానికి వచ్చినవాళ్లు, నడిరోడ్డు మీద భుజాల మీద చేతులేసుకుని ఫొటో దిగుతున్నారు.

రత్నం బలంగా తొక్కింది. నేను తన్నాను.

"కాలు తీసీ! తీసీయే!" గవర్రాజు గారు అరిచాడు.

ఆమె తీయలేదు. ఇంకా గట్టిగా అదిమింది. నిజం చెప్పాలంటే, అలాంటి రోడ్డు మీద బండిని ఉన్నచోటే ఆపడం నా వల్ల కాదు. తిప్పిన వైపుకు వినేలా మాత్రం చేయగలను. ఆమె ఎడమకు తిప్పింది, బండి విన్నది. ఎవరి శాలువా అంచో అద్దానికి రాసుకుంది. బురదలోకి దిగి, టీ దుకాణం బల్లకు జానెడు దూరంలో ఆగాం.

ఒకమ్మాయి రోడ్డు మీదే కూలబడి ఏడుస్తోంది. రత్నం స్టీరింగు వదలలేకపోయింది. గవర్రాజు గారు దిగి, కారుకు ఆనుకుని, దుకాణంవాడు ఇచ్చిన టీ అందుకున్నాడు.

వాళ్లలో ఒకతను పరుగున వచ్చాడు. "సారీ అండీ, తప్పు మాదే. మేడమ్, అసలెలా తప్పించారండీ?"

రత్నం నోరు తెరిచేలోపే గవర్రాజు గారు గొంతు సవరించుకున్నాడు.

"నానే సెప్పాను బాబూ. ఏటైనా అవనీ, కాలు మాత్రం తియ్యకే అని."

నాకు నోరుంటే ఆ రోజు రచ్చ జరిగేది. రత్నం తండ్రి వంక చూసింది. ఆయన చేతిలోని గ్లాసులో సగం టీయే ఉంది, మిగతా సగం చొక్కా మీద ఉంది.

"అవునండీ," అంది రత్నం. "మా నాన్నే నేర్పించాడు."

గవర్రాజు గారు గ్లాసు దుకాణం బల్ల మీద పెట్టాడు. తిరిగి కారెక్కాక, మెల్లగా, "నువ్వే పోనీయమ్మా," అన్నాడు. రత్నం పోనిచ్చింది. దారి పొడవునా ఆయన గేరు గురించి ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నా జీవితం బాగానే ఉంది. నాలాంటి పెట్టెలు చాలా వరకు ఒక్క తన్నయినా తన్నకుండానే పాత ఇనుప కొట్టుకు చేరతాయట. నాకా దిగులు లేదు. వాన పడిన పొద్దుటి పూట కూతుర్ని దింపి వస్తూ గవర్రాజు గారు ఖాళీగా ఉన్న సాఫు దారి వెతుకుతాడు. ముందూ వెనకా ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుంటాడు. అప్పుడు కావాలని, బలంగా, బ్రేకు తొక్కుతాడు. నేను ఆయన అరికాలిని గడగడలాడిస్తాను. ఆయన కాలు తీయడు. కారు ఆగాక ఒళ్లంతా ఊగేలా నవ్వి, "ఏదీ, ఇంకోపాలి తన్నూ!" అంటాడు.

తంతాను.